నలభై ఒక్కమంది ప్రెజెంట్

“పంతొమ్మిది... చైనా,” అని పిలిచారు తిరుపతిరావు మాస్టారు, రిజిస్టర్లోంచి తలెత్తకుండానే.

తొమ్మిదో తరగతి మొత్తం లేచి నిలబడింది.

“ప్రెజెంట్ సర్.”

మాస్టారి పెన్ను గడి మీదే ఆగిపోయింది. ఉన్నది ఒక్క గడి. లేచింది నలభైమంది. వెనక బెంచీలో కునుకు తీస్తున్న కిరీటి కాస్త ఆలస్యంగా లేచి, ఒంటరిగా, “ప్రెజెంట్ సర్” అన్నాడు. అంతదాకా బిగబట్టిన నవ్వు క్లాసంతా ఒక్కసారిగా పగిలింది.

కూర్చుని ఉన్నది ఒక్క లింతోయ్ మాత్రమే.

అందరికంటే ముందు లేచింది మొదటి బెంచీలోని సుస్మిత. ఈ ఆలోచన ఆమెదే మరి.

లింతోయ్ మణిపూర్ నుంచి వచ్చి రెండు నెలలైంది. వాళ్ళ నాన్నకు రైల్వేలో విజయవాడ బదిలీ. పేరు నోరు తిరగడం లేదని మాస్టారు తొలిరోజే సరదాగా చైనా అన్నారు. క్లాసు నవ్వింది. సుస్మితా నవ్వింది. వారం తిరక్కుండా క్యాంటీన్ దానమ్మ దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరికీ ఆ పిల్ల చైనాయే అయింది. కొన్నాళ్ళకు లింతోయ్ ఆ పిలుపుకు పలకడం మానేసింది. పలక్కపోతే ఆబ్సెంటు. ఆబ్సెంటు పడితే పదింటికల్లా వాళ్ళ నాన్న ఫోనుకు మెసేజ్: ‘మీ అమ్మాయి ఈరోజు స్కూలుకు రాలేదు.’ నాలుగోరోజు ఆయన డ్యూటీ వదిలేసి, చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. కూతురు క్లాసులోనే ఉంది. కిటికీలోంచి ఆ పిల్లను చూసినప్పటి ఆయన మొహం సుస్మిత మర్చిపోలేకపోయింది.

మర్నాడూ నలభై ఒక్కమందీ లేచారు. ఈసారి కిరీటి మరీ ముందు లేచాడు. మాస్టారింకా పద్దెనిమిది దగ్గరే ఉన్నారు.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ పద్మావతమ్మ గారు సుస్మితను పిలిపించారు.

“మిగతావాళ్ళంటే సరే. నువ్వేంటమ్మా ఇందులో?”

సుస్మిత తల వంచుకుంది.

“గుడి, బడి, ఆస్పత్రి. ఈ మూడుచోట్లా గొంతు లేపకూడదు. తెలుసా?”

“మేం గొంతు లేపలేదండీ. మేమే లేచాం.”

పద్మావతమ్మ గారికి నవ్వొచ్చింది కానీ, కళ్ళజోడు తుడుచుకునే వంకతో దాన్ని మింగేశారు.

“తప్పనిపిస్తే ఇంట్లో చెప్పుకోవాలి. ధర్నాలకు బడా చోటు?”

“ఇంట్లో ముందే చెప్పానండీ. సరదాకి అన్నదానికి అంత రాద్ధాంతం ఎందుకు, నువ్వు లెక్కలు చూసుకో అన్నారు నాన్న.”

“మరి ఊరుకోవచ్చుగా?”

“ఆ మాట పడింది క్లాసులోనండీ. నవ్వింది కూడా మేమే. వేరేచోటికెళ్ళి లేస్తే ఆ అమ్మాయికేం తెలుస్తుంది?”

“ఇప్పుడేమంటున్నారు మీ నాన్నగారు?”

“నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదండీ.”

పద్మావతమ్మ గారు బెల్లు కొట్టి అటెండర్ పాల్‌ను పంపారు. రెండు నిమిషాల్లో తిరుపతిరావు మాస్టారు సుద్ద అంటిన చేతులతో వచ్చి నిలబడ్డారు.

“రేపూ లేచేలా ఉన్నారండీ వీళ్ళు. ఏం చేద్దామంటారు?”

“క్రమశిక్షణ లేకుండా పోతోందండీ. సరదాకి అన్నమాట...”

“ఆ పిల్ల బళ్ళో ఉండగానే రాలేదని వాళ్ళ నాన్నకు నాలుగు మెసేజులు వెళ్ళాయి. ఆయన పరిగెత్తుకొచ్చింది మీకు తెలుసా?”

మాస్టారి మొహంలో రంగు మారింది. “తెలియదండీ. అలిగి పలకడం లేదనుకున్నాను.”

“ఆయన చోట మీరుంటే?”

మాస్టారు సుస్మిత వైపు ఒక్క క్షణం చూశారు. తిన్నగా క్లాసుకు నడిచారు. సుస్మిత వెనకే పరిగెత్తింది.

రిజిస్టరు తెరిచి నాలుగు ఆబ్సెంట్లూ కొట్టేసి, పక్కన సంతకాలు పెట్టారు మాస్టారు. తర్వాత లింతోయ్ బెంచీ దగ్గరకెళ్ళి నిలబడ్డారు.

“తప్పు నాదమ్మా. సారీ. నీ పేరెలా పలకాలో నువ్వే నేర్పు.”

“లింతోయ్ సర్.”

“లింతాయ్.”

“తోయ్ సర్,” అంది లింతోయ్, వచ్చీరాని తెలుగులో. “బస్సు ఆగిపోతే అంటారు కదా, తోయ్, తోయ్ అని. అదే.”

క్లాసు గొల్లుమంది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది లింతోయే.

“పంతొమ్మిది, లింతోయ్.”

“ప్రెజెంట్ సర్.”

ఆ అమ్మాయి ఒక్కతే లేచింది. ఆగలేక కిరీటీ సగం లేచాడు గానీ, పక్కనున్న కీర్తన చొక్కా పట్టుకు లాగి కూర్చోబెట్టింది. గుమ్మంలోంచి చూస్తున్న పద్మావతమ్మ గారు, “ఇకమీదట లేవాల్సొస్తే ముందు నాకు చెప్పి లేవండి,” అని వెళ్ళిపోయారు.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక తిరుపతిరావు మాస్టారు షెడ్డులోంచి స్కూటరు తీస్తుంటే, సుస్మిత వచ్చి పక్కన నిలబడింది.

మాస్టారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు. “నేను సారీ చెప్పిన సంగతి బయటెక్కడా అనకు.”

“అమ్మకి కూడా చెప్పనులే నాన్నా,” అంది సుస్మిత.