మౌనం మాస్టారి గొంతు

“మాస్టారికి చదివి వినిపించకుండా స్విచ్ వెయ్యకూడదే! మేడం చూస్తే చంపేస్తుంది,” అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

“అంతకంటే ముందు ఆకలే నన్ను చంపేసేలా ఉందిరా,” అంటూనే ప్రోగ్రాం రాసిన అమ్మాయి కుర్చీ లాక్కుని మౌనం మాస్టారి ఎదురుగా కూలబడింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆలస్యమైతే మిగిలేది ఖాళీ గిన్నెలే.

ఇంజనీరింగ్ పిల్లల ల్యాబ్ అది. అందులో మేడం పెట్టిన రూలొకటి ఉంది. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఒక్కో లైనూ పైకి చదివి, అదేం చేస్తుందో మాస్టారికి చెప్పాలి. ఆయన ఏమీ అనరు. చెబుతూ ఉంటే చెప్పేవాళ్ళకే తప్పు దొరుకుతుంది. “ఆఁ, దొరికింది!” అని గంతేసి, మాస్టారి నెత్తిన ఒక్కటి తట్టి వెళ్ళిపోతారు. కోడు వాళ్ళది, గోడు ఈయనది. మాస్టారికి అన్నీ ఇన్‌పుట్లే గానీ అవుట్‌పుట్ అన్నది పుట్టనే లేదు.

అయినా ఆయన రెప్ప వెయ్యకుండా వింటారు. ఏడాది పొడుగునా అదే పసుపు రంగు, అదే మూల. సాయంత్రం గదికి తాళం పెట్టేటప్పుడు “మీరూ రండి మాస్టారూ” అన్న పాపాన ఎవరూ పోలేదు. చీకట్లో ఒక్కరే కూర్చుని, పగలు విన్న లైన్లను నెమరేసుకుంటారు. ఒక్కసారైనా, ఒక్కరికైనా, ఒక్క తప్పు తన నోటితో చెప్పాలని ఆయన కోరిక.

“వినండి మాస్టారూ, ఇది ఫర్నేస్‌ని, అదే మన కరెంటు కొలిమిని నడిపే ప్రోగ్రాం,” అని మొదలుపెట్టింది అమ్మాయి. “ముందు హీటర్ ఆన్ అవుతుంది. తర్వాత సెన్సర్‌ని వేడి ఎంతుందో అడుగుతుంది. అక్కణ్ణుంచి లూపు, అదే పని మళ్ళీ మళ్ళీ. వేడి నూట యాభై డిగ్రీలు దాటిందా, దాటలేదా? దాటకపోతే కాసేపాగి మళ్ళీ చూస్తుంది. దాటితే లూపులోంచి బయటికొచ్చి హీటర్ ఆపేస్తుంది. అంతే!”

లోపలంతా ఖాళీ అయినా మాస్టారికి తప్పు ఇట్టే దొరికింది. సెన్సర్‌ని అడిగింది ఒక్కసారే. అదీ లూపులోకి పోకముందే! లోపల మళ్ళీ అడగడమే లేదు. పొద్దున ఒకసారి గడియారం చూసుకుని, రోజంతా అదే టైమనుకునేవాడి తెలివిలా ఉంది. ఫర్నేస్ ఎంత మండినా ప్రోగ్రాంకి మాత్రం చల్లగానే ఉంటుంది. హీటర్ ఇక ఆగదు.

“లూపులోనే లోపం! ఆ లైను లోపల పెట్టవే తల్లీ!” అని అరిచారు మాస్టారు.

నోరు తెరుచుకోలేదు.

అమ్మాయి కాగితం మీంచి తలెత్తింది. “ఒరేయ్, మాస్టారు నన్ను అదోలా చూడట్లేదూ?”

“ఆయనెప్పుడూ అలాగే చూస్తారు. లే, ఇప్పుడు నాకూ ఆకలేస్తోంది,” అన్నాడు కళ్ళజోడు.

“మేం వచ్చేదాకా కాస్త కనిపెట్టుకుని ఉండండి మాస్టారూ,” అని ఆమె ఆయన్ని లేపి ఫర్నేస్ పక్కన కూర్చోబెట్టింది. ‘రన్’ నొక్కి తనూ రన్ అందుకుంది. తప్పు కనిపెట్టిన పెద్దమనిషికి కనిపెట్టుకుని ఉండక తప్పింది కాదు.

బయట తాళం పడింది.

ఫర్నేస్ తలుపు సందున ఎర్రటి గీత పుట్టింది. కాసేపటికి ఆ గీత లావెక్కింది. కంప్యూటర్ తెర మీద మాత్రం మొదట వచ్చిన అంకే, కదలకుండా, తాపీగా నిలబడి ఉంది. ఫర్నేస్ వెనక అరలో స్పిరిట్ సీసాలున్నాయి. గోడకవతల జూనియర్లకు మేడం క్లాసు జరుగుతోంది. ఎవరో జోకేసినట్టున్నారు, అందరూ గొల్లున నవ్వారు. అరలో ఒక సీసా టిక్కుమంది.

లేచి వెళ్ళే అలవాటు మాస్టారికి లేదు. ఫర్నేస్ పక్కన కూర్చుని ఫర్వాలేదనుకునే వీలూ లేదు. ఆయనకు చెమట పట్టలేదు. పట్టే ఒళ్ళు కాదు. కూర్చున్నచోటే మెత్తగా అతుక్కుపోతున్నారు. లోపలి గాలి వేడెక్కి ఉబ్బింది. ఇన్నాళ్ళూ విన్న లైన్లన్నీ ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి.

కీచుమని ఒక అరుపు. సన్నగా, పొడుగ్గా, ఊపిరి తీసుకోకుండా.

గోడకవతల నవ్వులు ఆగిపోయాయి. వరండాలో పరుగులు వినిపించాయి.

“ల్యాబ్‌లో ఎవరో అరుస్తున్నారు మేడం!” అప్పుడే తిరిగొస్తున్న అమ్మాయి గొంతు.

“తాళం వేసి ఉంది కదే! లోపలెవర్ని పెట్టి వెళ్ళావు?”

“మాస్టారు తప్ప ఎవరూ లేరు మేడం!”

తలుపు తెరుచుకుంది. మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్క అంగలో వెళ్ళి మెయిన్ స్విచ్ లాగేసింది. కళ్ళజోడు స్పిరిట్ సీసాలను వరండాలోకి చేరవేశాడు. అమ్మాయి తన కాగితం మీది ప్రోగ్రాం చూసి తల పట్టుకుంది.

“సెన్సర్ లైను లూపు బయట ఉండిపోయింది మేడం. పైకి చదివి కూడా కనుక్కోలేకపోయాను.”

“ఇంకాసేపైతే పక్కగదిలో పిల్లలు కూడా దక్కేవాళ్ళు కాదు.” మేడం గది నాలుగు మూలలూ చూసింది. బల్లల కింద వంగి చూసింది. ఎవరూ లేరు. “మరి అరిచిందెవరు?”

ముగ్గురూ మెల్లగా ఫర్నేస్ వైపు తిరిగారు.

బల్ల మీద సగం కరిగి అంటుకుపోయి ఉంది పసుపు రంగు రబ్బరు బాతు బొమ్మ. అచ్చుపోసిన నాడే మూసుకుపోయిన దాని ముక్కు, ఇప్పుడు ఇంకో మాట చెప్పబోతున్నట్టు బార్లా తెరుచుకుని ఉంది.