నలుపంటే నీళ్లు

“నలుపంటే నీళ్లు. నీ చెరకు తోట తెల్లగా ఉంది, వదినా. అంటే మునగలేదు. నష్టపోయినవాళ్ల జాబితాలో నీ పేరు రాదు.” కంప్యూటర్ తెర మీద, ఉపగ్రహం రాడార్‌తో తీసిన వరద బొమ్మను పంట నష్టం లెక్కలు చూసే మరిది పెన్నుతో పొడిచి చూపించాడు.

“పీకల్లోతు నీళ్లలో ఆ తోటలోంచి నడిచొచ్చినదాన్ని. పక్క పొలం వేరుశనగ మునిగిందట, నాది మునగలేదట! మీ అన్న పోయాక ఇలా కక్ష తీర్చుకుంటున్నావా?”

“అన్న శవం ముందు నీ కంట చుక్క నీరు రాలేదు. నువ్వా నాకు నిజాలు చెప్పేది?”

ఆఫీసులో మిగతావాళ్లు తలలు దించుకున్నారు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

ఆమె నోరు మూయించాలని అతను వరదకు ముందటి బొమ్మ తెరిచి పక్కన పెట్టాడు. అందులో తోట బూడిద రంగులో ఉంది. వరద వచ్చాకే తెల్లబడింది. అతను రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు.

“ఏంటి అలా చూస్తున్నావు?”

“ఒట్టి నీళ్ల మీద పడ్డ రాడార్ తరంగం అవతలికి జారిపోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు. అందుకే నలుపు. నీళ్లలో గడలు నిటారుగా ఉంటే... నీటికీ గడకీ తగిలి వెనక్కి వస్తుంది. ముందుకన్నా తెల్లగా కనిపిస్తుంది.”

“తెలుగులో చెప్పు.”

“నీ తోట మునిగింది, వదినా. నిలబడే మునిగింది.”

ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది.

“పదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నావు. నిలబడి మునిగేవాళ్లూ ఉంటారని తెలియడానికి నీకు ఆకాశం దాకా పోవాల్సొచ్చింది.”