రమణబాబు అలక

పొద్దున్నుంచి రమణబాబు అన్నం ముట్టలేదు.

మూడుసార్లు వడ్డించారు. మొదట పప్పు, వంకాయ కూర. ముట్టలేదు. తర్వాత కోడికూర. ఊహూఁ. బుధవారీ బజారుకి పరిగెత్తి రోహు చేప తెచ్చి, వేపుడు చేసి పెడితే అదీ చల్లారిపోయింది. భార్య మాధవీలత దణ్ణం పెట్టి బతిమాలింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన బావమరిది బతిమాలాడు. ఆ హిందీ ఊళ్ళోని రైల్వే క్వార్టర్‌లో ఎవరి గొంతులోకీ మెతుకు దిగలేదు.

"ఆడు అలిగినాడ్రా," అంది తల్లి కనకం, గుమ్మంలో కూలబడి. "సిన్నప్పట్నించీ అంతే. మనసులో ఏదైనా పెట్టుకున్నాడా, పాయసం పెట్టినా ముట్టడు. పొద్దుగూకితే మరి తిననే తినడు. ఏటి సేస్తాన్రా నాను!"

ఆమె మొత్తుకుంటున్నది పైడిరాజు, త్రినాథరావుల దగ్గర. ఇద్దరూ రమణబాబుతో పాటు లోకో షెడ్‌లో ఫిట్టర్లు. ఆదివారం డ్యూటీ లేకపోతే చాలు, ముగ్గురూ సీపత్ దాటి లీలాగర్ ఏటికి పోయి గాలాలు వేయడం ఏళ్ళ అలవాటు.

"బజారు చేప ఆడికెప్పుడు నచ్చింది గనక?" అన్నాడు త్రినాథరావు. "మన ఇజీనారం పక్కయితే పండుగొప్ప తెద్దుం. ఇక్కడ కొర్రమీనే మనకి పండుగొప్ప. పదరా పైడీ, పట్టుకొద్దాం."

బండి స్టార్ట్ చేస్తుంటే రమణబాబు కూతురు హరిప్రియ వచ్చి ఎక్కి కూర్చుంది. చదివేది నాలుగో తరగతి. దిగమంటే దిగదు.

"తీసుకుపొండ్రా," అంది కనకం. "దాని సేత్తో పెడితే తింటాడేమో."

ఏటి గట్టుకి చేరేసరికి ఒంటిగంట దాటింది.

త్రినాథరావు మామూలు రోజుల్లో గప్పాలరాయుడు. తన గాలం నీట పడితే చేపలు టోకెన్లు తీసుకుని వరసలో నిలబడతాయంటాడు. ఆవేళ గంటన్నరలో ఒక్క చేపపిల్ల కూడా ఆ గాలం మొహం చూడలేదు. పైడిరాజుకి ఒక మంచి చేపే తగిలింది గాని, కంగారులో గుంజేసరికి తాడు పుటుక్కున తెగింది. చెంపలు వాయించుకున్నాడు, నిజంగానే, ఫట్‌ఫట్‌మని.

"ఎండ సూడరా, వాలిపోతంది," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఈ పూట ఆడు తినకపోతే కనకమ్మత్త ఇంక బతకదురా."

అంతవరకూ నీళ్ళకేసి చూస్తున్న హరిప్రియ అప్పుడు నోరు విప్పింది.

"బాబాయ్, పప్పాకి గుస్సా నా మీదే."

"నీ మీదెందుకే?"

"సండే నన్ను కూడా ఇక్కడికి తెస్తానని ప్రామిస్ చేశారు. షెడ్ నుంచి ఫోన్ రాగానే డ్యూటీకి రెడీ అయిపోయారు. మైనే కట్టీ కర్ లీ. ఝూఠే హో, అన్నీ అబద్ధాలే, మీతో ఎప్పుడూ మాట్లాడనన్నా. వెళ్తూ వెళ్తూ పిలిచినా తలుపు తీయలేదు."

పైడిరాజు మొహం కడుక్కునే వంకతో నీళ్ళలోకి దిగాడు. త్రినాథరావు తన గాలం కర్ర తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"అచ్ఛా, అయితే నువ్వే పట్టాలి గుంటా. మేం పట్టింది ఆడు తినడు."

ఎర కప్పపిల్ల. దాన్ని చూసి హరిప్రియ మొహం చిట్లించింది గాని కర్ర వదల్లేదు. మూడయింది. మూడున్నరయింది. నీళ్ళు తాగమంటే తాగదు, నీడకి రమ్మంటే రాదు. అచ్చం తండ్రి మొండితనమే. వెనక పైడిరాజు మొక్కులు మొదలుపెట్టాడు. విజయనగరం పైడితల్లమ్మతో ఎత్తుకుని రతన్‌పూర్ మహామాయ దాకా ఎవర్నీ వదిలిపెట్టలేదు.

బెండు మునిగింది.

కర్ర వంగిపోయింది. పిల్ల బురదలో కూలబడి నీళ్ళ వైపు జారిపోతోంది. ఇద్దరూ ఉరికారు.

"ఛోడో బాబాయ్! నేనే పట్టాలి! ముఝే హీ పకడ్‌నా హై!"

త్రినాథరావు కర్ర జోలికి పోకుండా పిల్ల నడుం పట్టుకున్నాడు. పైడిరాజు త్రినాథరావు నడుం పట్టుకున్నాడు. చివరికి ముంజేతంత కొర్రమీను గట్టు మీద పడి కొట్టుకుంది. హరిప్రియ దాని మీద బోర్లాపడి రెండు చేతులతో అదిమింది. ముగ్గురూ అక్కడే, ఆ బురదలోనే, ఏడ్చేశారు.

తిరుగుదారిలో బండి ఎంత స్పీడులో నడిపాడో పైడిరాజుకే తెలీదు. క్వార్టర్‌కి చేరేసరికి ఐదవుతోంది. మాధవీలత చేప కడిగిందో లేదో, పులుసులో వేసేసింది. తొందరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

పెరట్లో మళ్ళీ విస్తరి వేశారు. అన్నం, పులుసు, పైన పెద్ద ముక్క. వడ్డించింది హరిప్రియ. అప్పటికే ఎండ గోడ చివరి ఇటుకల దాకా ఎక్కిపోయింది.

"పప్పా," అంది, ఇంకా నీచు వాసన పోని చేతులు జోడించి. "కట్టీ ఖతం. ఇంకెప్పుడూ చేయను. ఇది నేనే పట్టా. ఖా లో నా, పప్పా."

కనకం మనవరాలి భుజం పట్టుకుని మెల్లిగా వెనక్కి లాగింది. మిగతావాళ్ళు కూడా నాలుగడుగులు వెనక్కి జరిగారు. మాధవీలత కళ్ళు గట్టిగా మూసుకుంది.

పక్క క్వార్టర్ మీంచి కాకి ఒకటి దిగి, విస్తట్లోని చేపముక్కని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.