చేపకి కుదిర్చిన వైను

అనకాపల్లి హోటల్లో కొత్త సంవత్సరం విందు. ఐదు వంటకాలకి నప్పే ఐదు వైన్లు కుదిర్చింది అక్కడి వెయిటరు తారక్. నెల రోజులు పుస్తకాలు బట్టీపట్టాడు.

చేపల వేపుడు పక్కన తెల్ల వైను పోయగానే, విందుకొచ్చిన పోతన్న, బెల్లం మార్కెట్లో రుచి చూసి రకం చెప్పేవాడు, ఓ గుక్క తాగి గ్లాసు దించేశాడు. "పులిసిపోనాది బాబూ."

బెల్లం నాకేవాడు వైను గురించి చెప్పడమా! తారక్‌కి ఒళ్లు మండింది. గ్లాసు వాసన చూసి, "బాగానే ఉంది సార్. వైనంటే ఇలాగే ఉంటుంది!" అన్నాడు.

పోతన్న గొంతు తగ్గించాడు. "కరోనాలో నీకు వాసన పోనాదా?"

తారక్ చేతిలో సీసా ఆగిపోయింది. మేనేజరుకి కూడా తెలియని సంగతి అది.

"నాకూ అప్పుడే పోనాది, వాసనా రుచీ. పక్క టేబులోళ్ల మొకాలు సూసి సెప్పేను. వైనంటే ఇలాగే ఉంటాదనుకుని మింగతన్నారు పాపం."

పోతన్న చుట్టూ చూశాడు. "బెల్లం కూడా మొకాలు సూసే సెప్తన్నాను. ఎవులికీ సెప్పకు."