తాళాల తాత ఊరెళ్ళాడు

భర్తలు భార్యలకు రకరకాల పనులు చెబుతారు. గుండీ కుట్టమంటారు. కళ్ళెదురుగా ఉన్న సాక్సు వెతికిపెట్టమంటారు. ఈ భర్తగారు మాత్రం చచ్చినవాళ్ళని బతికించమన్నాడు. అదీ ఒకరినో ఇద్దరినో కాదు, ఎపిసోడుకి అరడజను మందిని.

పాపం, అత్తగారికి కంటి ఆపరేషనైంది. కొన్నాళ్ళు టీవీ చూడొద్దన్నారు. సరిగ్గా అప్పుడే డ్రాగన్ల సీరీస్ చివరి సీజన్ మొదలైంది.

"చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదుగా" అంటూ ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. అందులో మాట్లాడేది పరాయి భాష. కింద పడే తెలుగు అక్షరాలు చదువుతూ, జరిగేదంతా చెప్పడం కోడలి వంతు.

మొదటి ఎపిసోడుకి ముందే భర్త ఆమెని వంటింట్లోకి పిలిచాడు. ఆయన ఫైర్‌స్టేషన్‌లో ఆఫీసరు. గొంతు సైరన్‌తో పోటీ పడుతుంది. అలాంటి మనిషి గుసగుసలాడేసరికి ఆమెకి కంగారు పుట్టింది.

"అమ్మ గుండె మునుపటిలా లేదు. చావులూ అవీ చెప్పకు."

"చివరి సీజనండీ. చావులు తప్ప ఏముంటాయి?"

"నీకు మాటలకేం కరువు? ఏదో ఒకటి అల్లు. వినలేక అమ్మకేమైనా అయితే..."

మాట అక్కడే వదిలేశాడు. ఆమె ఆ రాత్రి నుంచే అల్లడం మొదలుపెట్టింది.

ఒంటికన్ను సేనాపతి గుండెలో బల్లెం దిగింది.

"నడుంనొప్పని సెలవు పెట్టాడత్తయ్యా."

మంత్రగత్తె తల తెగిపడింది.

"జుట్టు కత్తిరించుకుంది. బానే నప్పింది."

కవల రాకుమారులని పాడునూతిలోకి తోసేశారు.

"హాస్టల్లో చేర్పించారు."

డ్రాగన్ నిండు సభని తగలబెట్టింది.

"ఉక్కపోస్తోందని బయటికెళ్ళారు."

"అందరూనా?"

"అందరూనూ."

"పోన్లే" అంది అత్తగారు.

భర్త ఈ గోలేదీ తనకి పట్టనట్టు మూల కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చుకునేవాడు కాదు. పొద్దున బూట్లు తొడుక్కుంటూ మాత్రం అడిగేవాడు.

"సేనాపతికి నడుం ఎలా ఉంది? అమ్మ అడగమంది."

"తగ్గుముఖం పట్టింది."

"ఆ పిల్లల హాస్టల్లో తిండి బాగుంటుందా? అమ్మకి బెంగగా ఉందిట."

ఆమె హాస్టల్ తిండి కూడా బాగుచేసి పంపేది.

ఇక మిగిలింది తాళాల తాత. అది వీళ్ళింట్లో పెట్టుకున్న పేరు. కోట గుమ్మం దగ్గర తాళాలగుత్తితో కూర్చునే ముసలి కావలివాడు. మొదటి సీజన్ నుంచీ ఎవరి జోలికీ పోని మనిషి.

"ఆ తాతకి మాత్రం ఏమీ కాకూడదు. అమ్మ తట్టుకోలేదు" అని భర్త మరీ మరీ చెప్పాడు, సీరీస్ తీసేది తన భార్యే అయినట్టు.

ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. కోటకి నిప్పంటుకుంది. జనం గుమ్మం దాటి పరిగెడుతున్నారు. తాత మాత్రం లోపలికి వెళ్ళాడు, ఖైదీల గది తాళం తీయడానికి. ఖైదీలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. తాత రాలేదు. పైకప్పు కూలింది. ఒక కేక వినబడింది.

మూల కుర్చీలో పేపరు కదల్లేదు.

"ఏమైందే?" అంది అత్తగారు.

కోడలు గొంతు సవరించుకుంది. "తాత ఉద్యోగం మానేసి కూతురింటికి వెళ్తున్నాడత్తయ్యా. అందరూ సాగనంపుతున్నారు."

"చాల్లేవే. కూతురింటికి వెళ్ళేవాడు అలా అరుస్తాడా? ఆపరేషను నా కళ్ళకి, చెవులకి కాదు. బల్లెం దిగిన చప్పుడు మొదటిరోజే విన్నాను."

"మరి ఎందుకూరుకున్నారు?"

"చావు మాటెత్తితే నువ్వు బెదిరిపోతావని వాడు చెప్పాడు. ఏం చెబితే అది విని ఊరుకోమన్నాడు."

"నేనా? మీ గుండె మంచిది కాదన్నారే?"

"నా గుండెకేం? దుక్కలా ఉందన్నాడు డాక్టరు."

"మరి రోజూ సేనాపతి నడుం గురించి అడగమంటున్నారట?"

"చచ్చినవాడి నడుంతో నాకేం పనే?"

ఇద్దరూ కలిసి మూల కుర్చీవైపు తిరిగారు. పేపరు నెమ్మదిగా కిందికి దిగింది.

"తప్పు నాదే" అన్నాడాయన, సైరన్ లేని గొంతుతో. "డ్యూటీ నుంచి వచ్చాక, లోపల చిక్కుకున్నవాళ్ళంతా బయటపడ్డారని ఎవరో ఒకరు చెబితే వినాలనిపించేది నాకే."