చల్లగా ఉంది, బావా

ఎండ నిప్పులు చెరుగుతోంది. రేసు కారు మీద చెయ్యి పెడితే తోలు ఊడొచ్చేలా ఉంది.

మెకానిక్ పొద్దుటి నుంచీ ఒక్క దాని చుట్టూనే తిరుగుతున్నాడు. డ్రైవర్ సీటు వెనకుండే మంచు పెట్టె. అందులోని ఐసునీళ్లు పంపు తోస్తే సన్నటి పైపుల్లోంచి డ్రైవర్ చొక్కాలోకి పాకి, ఒంటి చుట్టూ తిరిగి మళ్లీ పెట్టెలోకి వస్తాయి. అది లేకపోతే ఈ ఎండకి లోపలి మనిషి ఉడికిపోతాడు.

అలా ఉడికిపోయినవాణ్ని చూశాడు కూడా. పోయినేడాది దాకా ఈ కారు నడిపినవాణ్ని అందరూ పులి అనేవాళ్లు. అప్పట్లో ఈ పెట్టె లేదు. ఆఖరి చుట్లలో రేడియోలో "చలేస్తోందిరా" అన్నాడు. జోకనుకుని మెకానిక్ పగలబడి నవ్వాడు. లోపల ఉడికిపోయాక మనిషికి వేడి తెలియదని, శవాన్ని చూసిన డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటి నుంచీ మెకానిక్‌కి తన నవ్వు తనకే వినబడుతోంది.

ఇప్పుడా సీట్లో కూర్చుంటున్నది సొంత చెల్లెలి మొగుడు.

రేసుకి ముందు కారు తూకం వేస్తారు. అప్పుడు మంచు పెట్టె దించాలి, తూకం అయ్యాక ఎక్కించాలి. వందసార్లు చేసిన పనే, కళ్లు మూసుకుని చేసేస్తాడు. సరిగ్గా తూకం దగ్గరే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ పెట్టె సంగతి..."

"నేనున్నాగా. ఊరికే గాభరా పడకు."

"నీదే భారం మరి."

ఫోన్ జేబులో పడేసి, బావ చొక్కా పైపుని సీటు పక్కన కారుకే ఉండే బిగింపులోకి నొక్కాడు. టక్‌మంది. లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు.

"చొక్కా చింపేస్తావా ఏంటి బావా?" అని నవ్వాడు డ్రైవర్.

కార్లు బయల్దేరాయి. మెకానిక్ చెవులకి రేడియో తగిలించుకుని, గోడవారన ఏది దొరికితే దాని మీద కూలబడ్డాడు. నీడ పట్టున ప్రాణం కాస్త కుదుటపడింది.

"బావా, ఇంకా చల్లబడలేదు."

"ఇప్పుడేగా వెళ్లావు. కాస్త ఓపిక పట్టు."

పదో చుట్టులో మళ్లీ గొంతు వినిపించింది. "ఒళ్లు మండిపోతోంది బావా. నీళ్లు రావట్లేదేమో."

"నా చేత్తో బిగించాను. ఎందుకు రావు? నువ్వు రోడ్డు చూడు."

ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెకానిక్ రేడియోని చెవికి అదిమిపట్టుకున్నాడు. ప్యాంటు వెనక తడి తగిలింది. చెమటే అనుకున్నాడు.

ఇరవయ్యో చుట్టులో రేడియో గరగరలాడింది.

"ఇప్పుడు చల్లగా ఉంది, బావా."

అమ్మయ్య అనుకున్నాడు. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. "మీ ఆయనకేం, ఐసునీళ్లలో తేలుతున్నాడు. మేమే ఇక్కడ మాడిపోతున్నాం." అవతల చెల్లెలు నవ్వింది. వారం రోజుల్లో అది నవ్వడం అదే మొదటిసారి.

మరో రెండు చుట్లయ్యాయి.

"పంపు ఆపేశాను," అంది రేడియోలో గొంతు, నిద్రమత్తులో ఉన్నట్టు. "అయినా చలేస్తోందిరా."

బావ తనని ఏనాడూ 'రా' అనలేదు.

మెకానిక్ దిగ్గున లేచి వెనక్కి తిరిగాడు. ఇంతసేపూ తను కూర్చున్నది ఆ మంచు పెట్టె మీదే.