ఇంకాస్త లోతు

చెంపదెబ్బ శబ్దం పడవంతా వినిపించింది.

"నిన్ననే చెప్పాను. ఇంకోసారి నన్ను దాటి లోతుకి దిగావంటే నేనే చంపేస్తాను," అన్నాడు బావ.

బావమరిది చెంప పట్టుకుని అక్క వైపు చూశాడు. పడవ నడుపుతున్న అక్క మొహం తిప్పుకుంది. మొగుడికీ తమ్ముడికీ మధ్య ఆమె ఎప్పుడూ నలిగిపోతూనే ఉంటుంది.

టూరిస్టుల్ని నీళ్ళలోకి దింపి పగడాల దిబ్బ చూపించడం ఆ ఇంటి వృత్తి. పాత చోట్లన్నీ జనం తొక్కి పాడు చేశారు. సీజన్ మొదలయ్యేలోగా కొత్తవి వెతకాలి.

బావకి చాదస్తం ఎక్కువ. చూసిన ప్రతి చోటూ గుర్తుండాలని నుదుటికి చిన్న కెమెరా కట్టుకుంటాడు. మరీ కిందికి దిగితే వీపు మీది సిలిండర్లోంచి పీల్చే గాలే మత్తెక్కిస్తుందని రోజూ చెవినిల్లు కట్టుకుని పోరతాడు. "మా బావ గాలి పీల్చే తూలుతాడు," అని బావమరిది టూరిస్టుల్ని నవ్విస్తుంటాడు.

ఆ రోజు అతనికి నవ్వు రాలేదు. దిబ్బ అంచు రాగానే కావాలనే బావని దాటి కిందికి దిగిపోయాడు.

కింద విసనకర్రల్లాంటి పగడాలు. వాటి వెనక గుహలు. ఇంత మంచి చోటు అతను జన్మలో చూడలేదు. చెంప మంట చల్లారింది, మనసు తేలికైపోయింది. ఒక పెద్ద చేప ఎదురొచ్చి, ఇంటికొచ్చిన చుట్టంలా ముందు నిలబడింది.

అప్పుడే బావ వెనకనుంచి వచ్చి అతని మీద పడ్డాడు.

బావమరిది నోట్లోకి ఉప్పునీళ్ళు కొట్టాయి. చూస్తే తన గాలిగొట్టం బావ చేతిలో ఉంది. పొద్దున అన్నంత పనీ చేస్తున్నాడు.

బావమరిది అతని కడుపులో తన్నాడు. బావ వదల్లేదు. దవడ పట్టుకుని వేళ్ళు నోట్లోకి దూర్చాడు. బావమరిది ఆ వేళ్ళని ఎముక తగిలేదాకా కొరికాడు. పిక్కకి కట్టుకున్న కత్తి లాగి డొక్కలో పొడిచాడు. తిప్పి మళ్ళీ పొడిచాడు. అంత లోతులో నెత్తురు ఎర్రగా కనిపించదు. ఆకుపచ్చటి పొగ ఇద్దరినీ కమ్మేసింది.

గొట్టం ఎలాగో నోట్లోకి వచ్చింది. పైకి ఈదాడు. బావ పిడికిలి మాత్రం అతని భుజం పట్టీని వదల్లేదు. ఇద్దరూ కలిసే పైకి తేలారు.

వాళ్ళని పడవలోకి లాగేసరికి బావలో ఊపిరి లేదు.

"ఏం చేశావురా?"

"నా గాలిగొట్టం లాగేశాడక్కా. చంపుతానని నీ ముందే అన్నాడుగా."

ఆమె మొగుడి గుండెల మీద గుద్దుతూ ఏడ్చింది. తాళి కట్టినవాడు ఇంత పని చేస్తాడనుకోలేదంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుంది. ఉన్న ఒక్క తమ్ముణ్ణీ జైలుకి పోనివ్వనంది. పోలీసులకి చూపించడానికి సాక్ష్యం ఉండనే ఉంది. శవం నుదుటి మీది కెమెరా విప్పి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కింది.

చిన్న తెర మీద తమ్ముడు నవ్వుతూ తన నోట్లోని గొట్టం తనే తీసి, ఆ పెద్ద చేప నోటికి ఆప్యాయంగా అందిస్తున్నాడు.